ఫైళ్ల పునర్విభజనము: మార్పుల చరిత్ర పరిరక్షణము

గ్రంథపరిష్కర్తకు పాఠమెంత ముఖ్యమో, ఆ పాఠమును ఎవరు, ఎప్పుడు, ఏ కారణమున మార్చిరను సంగతియు నంతే ముఖ్యము. తాళపత్రప్రతి చివర లేఖకుడు వ్రాసికొనిన మాటలను, పాఠాంతరములను పరిష్కర్తలు శ్రద్ధతో భద్రపఱచుట ఇందుచేతనే. నేడు మాండలిక పదసంచయములు, నిఘంటువులు కంప్యూటరులో ఫైళ్లుగా నున్నవి. వానిలోని మార్పులను గిట్ వంటి సాధనములు నమోదు చేయుచున్నవి. లీనస్ టోర్వాల్డ్స్ 2005లో రచించిన ఈ సాధనమునందు ఒక్కొక్క నమోదునకు కమిట్ అని పేరు. చేసినవారి పేరు, తేది, కారణము, అప్పటి ఫైళ్లన్నిటి స్వరూపము అందు నిలిచియుండును. తాళపత్రప్రతికి లేని భాగ్యమిది. అయినను ఫోల్డర్లను పునర్విభజించు ఒక్క దినమున ఈ భాగ్యము చేజారవచ్చును.

పునర్విభజన మేల అవసరమగునో పామేడు నుదాహరణముగా గ్రహింపవచ్చును. తెలంగాణమునందలి చర్ల మండలమునకు ఆవల, సరిహద్దున నున్న గ్రామమిది. 1948లో బస్తరు సంస్థానము విలీనమైన పిదప ఇది బస్తరు జిల్లాలోనిదయ్యెను. 1998లో దంతెవాడ జిల్లాకును, 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకును, 2007లో బీజాపూరు జిల్లాకును చేరెను. ఈవల భద్రాచల ప్రాంతము 1959 వఱకు తూర్పు గోదావరి జిల్లాలోను, తరువాత ఖమ్మము జిల్లాలోను ఉండెను. చర్ల 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. ఊళ్లు కదలలేదు, చిరునామాలు మాత్రము మారినవి. తెలుగు, కోయ, దోర్లి, గోండి పలుకుబళ్లు కలియు ఈ సీమలో సేకరించిన పదముల ఫైలు బస్తరు అను ఫోల్డరులో నున్నచో, దానిని బీజాపూరు ఫోల్డరునకు తరలింపవలెనని తోచుట సహజము. తరలింపు దోషము కాదు. తరలించు రీతియే విచారింపదగినది.

చాలమంది యెఱుగని విషయమొకటి కలదు. గిట్ పేరుమార్పును నమోదు చేయనే చేయదు. తరలింపునకు ప్రత్యేకాదేశ మున్నను, అది పాత ఫైలును తొలగించి క్రొత్తదానిని చేర్చుటకు సమానమే. తరువాత చరిత్రను చూడగోరినప్పుడు, తొలగిన ఫైలునకును చేరిన ఫైలునకును గల పోలికను బట్టి, ఇవి రెండును ఒకటేయని గిట్ ఊహించును. సాధారణముగా ఆ పోలిక నూటికి 50 పాళ్లైన నుండవలెను. ఫైలు అక్షరము మారక కదలినచో ఊహ తప్పదు. తరలింపుతోపాటు పాఠమును గూడ సవరించినచో పోలిక తగ్గును, చరిత్ర తెగును.

తెలుగు ఫైళ్లకు ఈ ప్రమాదము మిక్కిలి యెక్కువ. తెలుగు లిపి 1991లోనే యూనికోడునందు చోటు పొందినను, చిరకాలము పాత ఫాంట్లలోనే పాఠములు కూర్పబడినవి. అట్టి పాఠమును యూనికోడులోనికి మార్చినప్పుడు చదువరి కంటికి భేదము కనబడదు గాని, కంప్యూటరునకు ఒక్క తెలుగక్షరమైనను మునుపటిది కాదు. ఈ మార్పిడి, తరలింపు ఒకే కమిట్‌లో జరిగినచో పాత ఫైలునకు క్రొత్త ఫైలు వారసుడని గుర్తింప వీలుండదు. పదమున కొక ఫైలు చొప్పున నున్న నిఘంటువులలో మఱియొక చిక్కు గలదు. అన్నిటికిని మూస ఒకటే, పాఠము నాలుగు పంక్తులే యగుటచే, ఒక పదము చరిత్ర మఱియొక పదమునకు అంటుకొనవచ్చును. చరిత్ర లేకుండుటకంటె తప్పుడు చరిత్ర హానికరము.

కావున పాటింపవలసిన నియమము సులభము. మొదట తరలింపు మాత్రమే ఒక కమిట్‌గా జరుగవలెను. అందు ఒక్క అక్షరమును మారరాదు. లిపి మార్పిడి వేఱొక కమిట్‌గాను, పాఠసవరణ మఱియొక కమిట్‌గాను జరుగవలెను. ఏ ఫైలు ఎచ్చటినుండి ఎచ్చటికి పోయెనో తెలుపు పట్టికను గూడ సంచయములోనే యుంచవలెను. అప్పుడు గిట్ ఊహపై ఆధారపడు అవసరముండదు.

పాత చరిత్ర చెత్తకుప్ప వంటిదనియు, క్రొత్త సంచయమును నిర్మలముగా ప్రారంభించుట మేలనియు కొందఱందురు. వారు ఫైళ్లను మాత్రము క్రొత్త చోటికి ఎత్తి, చరిత్రను వెనుకనే విడుతురు. పరిశోధకునకు ఈ వాదము తగదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశము ప్రథమ సంపుటము, వ్యవసాయ పదములది, 1962లో వెలువడినప్పుడు ప్రకాశము జిల్లా లేదు. అది 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడినది. గుంటూరు అని గుర్తించిన పదమును నేటి ఏ జిల్లాలో చేర్చవలెనో నిర్ణయించుట కేవలము తరలింపు కాదు, అది ఒక వ్యాఖ్యానము. వ్యాఖ్యాత యెవరో, ఆధారమేమో తెలియనిచో తరువాతి పండితుడు దానిని పరీక్షింపలేడు.

పామేడు సీమ విషయమున ఈ నష్టము తీరనిది. 2005 తరువాతి సంఘర్షణలో దక్షిణ బస్తరునందలి ఆదివాసులు వేలకొలది ఊళ్లు విడిచిరి. పలువురు సరిహద్దు దాటి తెలుగు జిల్లాల అడవులలో నివాసమేర్పఱచుకొనిరి. ఒక పదములో దీర్ఘము హ్రస్వముగా దిద్దబడినచో, అది వక్త పలుకును మరల విని చేసిన సవరణయో, గ్రాంథికాభ్యాసమున చేసిన తప్పిదమో తెలుపునది చరిత్ర యొక్కటే. ఊరికి మరల పోయి అడుగుదమన్నను ఆ వక్త అచ్చట లేకపోవచ్చును.

చరిత్రను తిరుగవ్రాయవలసిన సందర్భమును ఒకటి కలదు. వక్తల పేర్లు, నివాసములు పొరపాటున ఫైళ్లలో చేరినచో, పై ఫైలునుండి తొలగించినంత మాత్రమున చాలదు; పాత కమిట్‌లలో అవి నిలిచియే యుండును. మనుష్యుల క్షేమము పాఠచరిత్రకంటె గొప్పది గావున అప్పుడు చరిత్రను సవరింపవలసినదే. అయితే అందువలన సవరించిన చోటనుండి కమిట్‌ల గుర్తింపు సంఖ్యలన్నియు మారును; వ్యాసములలో ఉదాహరించిన సంఖ్యలు నిరర్థకములగును. పాతసంఖ్యకు క్రొత్తసంఖ్యను చూపు పట్టికను ప్రకటించుట సంపాదకుల విధి.

ఫోల్డరు పరిపాలనా సౌకర్యమునకు, చరిత్ర ప్రమాణమునకు. జిల్లాల యెల్లలు మఱల మారవచ్చును. వానితో ఫోల్డర్లును మారును. విశ్వవిద్యాలయములు పదసంచయములకు ధనము మంజూరు చేయునప్పుడే, తరలింపును సవరణను వేఱుచేయవలెనను నిబంధనను చేర్చుట ఉచితము. దీనికగు వ్యయము స్వల్పము. తెగిన చరిత్రను అతుకుట మాత్రము ఎంత వ్యయముచేతను సాధ్యము కాకపోవచ్చును.