పని వచ్చునా? మార్కుల జాబితా చెప్పదు

ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తి చేసిన కుర్రవాడు పనికోసం పోయినప్పుడు కాంట్రాక్టరు అడిగేది మార్కులు కాదు. మెట్లదారి లైటుకు రెండు స్విచ్చుల వైరింగు సొంతంగా చేయగలవా, ఎర్తింగు సరిగా వున్నదో లేదో పరీక్షించగలవా, మెగ్గరు వాడడం వచ్చునా అని అడుగుతాడు. నూటికి డెబ్బయి వచ్చినవని చూపే కాగితంలో ఈ ప్రశ్నలకు జవాబు వుండదు. పోయిన ముప్పయి మార్కులు దేనిలో పోయినవి? ఎర్తింగులోనే పోయివుంటే అది ఆ కుర్రవాడి ప్రాణానికే ముప్పు.

విద్యార్థికి వచ్చిన ఒక్కొక్క పనిని విడివిడిగా నమోదు చేసే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతున్నది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో వృత్తి విద్యా విద్యార్థికి ఏ ఏ పనులు వచ్చునో ఉపాధ్యాయుడు నమోదు చేయాలన్న నిబంధన వున్నది. అందుకోసం ఆర్లింగ్టన్‌లోని ఉపాధ్యాయులు, హైస్కూలు విద్యార్థులు చేయి కలిపి 'కెన్‌డూ' అనేదాన్ని తయారు చేసుకున్నారు. వాడేవారే తయారు చేసుకొనడం ఇందులోని విశేషం. ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామస్ ప్రారంభించగా 2002లో వెలువడిన 'మూడుల్'లో కూడా 2016 నుండి ఈ సదుపాయం చేరినది. నేర్వవలసిన పనుల పట్టికను ముందుగా ఎక్కించుకోవాలి. విద్యార్థి తాను బిగించిన బోర్డు ఫొటోను రుజువుగా పెట్టవచ్చు. ఇన్‌స్ట్రక్టరు చూసి 'వచ్చినది', 'ఇంకా రాలేదు' అని గుర్తు పెడతాడు.

ఉచితమంటే కొనుగోలు ధర లేదనే కాదు, దాన్ని మన అవసరానికి మార్చుకొనే హక్కు కూడా వున్నదని అర్థం. పనుల పట్టికను తెలుగులో రాసుకోవచ్చు. అయితే సర్వరు, ఇంటర్‌నెట్, చెడితే బాగుచేసే మనిషి మాత్రం ఉచితంగా రారు. ఈ ఖర్చును మొదటే లెక్కలోకి తీసుకోక మూలబడిన కంప్యూటర్ గదులు ఏ జిల్లాలో చూసినా కనిపిస్తాయి.

అసలు చిక్కు ఖర్చుతో కాదు, గుర్తు పెట్టే చేతితో వున్నది. ముప్పయి మంది విద్యార్థులు, ఒక్కొక్కరికి నలభై పనులు అనుకుంటే పన్నెండు వందల గుర్తులు. ఒక్కొక్కటి కళ్లారా చూసి పెట్టాలంటే ఇన్‌స్ట్రక్టరుకు తీరిక కావాలి. తీరిక లేనప్పుడు ఏడాది చివర ఒక్క సాయంత్రం కూర్చుని అన్నింటికీ 'వచ్చినది' అని నొక్కడం జరుగుతుంది. ఆయనను తప్పు పట్టి లాభం లేదు. ఇది ఊహించి చెప్పే భయమూ కాదు. పదవ తరగతిలో పాఠశాలలే వేసే 20 అంతర్గత మార్కులను కొన్ని చోట్ల ఇరవైకి ఇరవై పంచిపెట్టారన్న ఫిర్యాదులు వచ్చినవి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో వాటిని రద్దు చేసినది. అక్కడ లోపించినది నమోదు చేసే సాధనం కాదు, నిజం రాసే అవకాశం.

'ఇంకా రాలేదు' అని రాసినందుకు సంజాయిషీ అడిగితే ఆ మాట మరి ఎవరూ రాయరు. ఈ నమోదును జిల్లాల పోటీకి, శాతాల పట్టికలకు వాడడం మొదలైన రోజే అది పనికిరానిదవుతుంది. అదే నమోదును చూసి ఇన్‌స్ట్రక్టరు మరునాడు ఎవరి చేతికి మెగ్గరు ఇవ్వాలో నిర్ణయించుకోగలిగితే, అది వంద తనిఖీల కంటె మేలు.

అన్ని సంస్థలలో ఒక్కసారే ప్రారంభోత్సవాలు జరపనక్కరలేదు. జిల్లాలో ఒక్క ఐ.టి.ఐ., ఒక్క ట్రేడు, ఇరవై ముఖ్యమైన పనులు చాలును. గుర్తులు పెట్టేందుకు వారానికి రెండు పీరియడ్లు టైంటేబులులోనే కేటాయించాలి. మొదటి ఏడాది ఆ వివరాలు విద్యార్థికి, ఇన్‌స్ట్రక్టరుకు తప్ప పై కార్యాలయాలకు పోరాదు. పని అడగడానికి పోయే కుర్రవాడు మాత్రం ఆ పట్టికను అచ్చు వేయించుకొని వెంట తీసుకుపోవచ్చు.