చిన్న ఫిల్టర్, పెద్ద బాధ్యత



ఇంటి నిర్వహణను గురించి మేము రాస్తున్న ఈ శీర్షికకు వచ్చే లేఖలలో ఒక ప్రశ్న తరచుగా కనిపిస్తున్నది. "మాది డీజిల్ కారు. దాని ఫిల్టర్‌ను ఇంటివద్ద మేమే మార్చుకోవచ్చునా?" అని అడుగుతున్నారు. కొందరిది ఖర్చు తగ్గించుకోవాలన్న ఆలోచన. మరికొందరిది షెడ్డులో నిజంగా మార్చారో, పాతదాన్నే తుడిచి పెట్టారో అన్న అనుమానం. మా సమాధానం ఇది: చాలా కార్లకు మార్చుకోవచ్చును. అయితే ఆ పనికి కావలసింది కండబలం కాదు, శుభ్రత, నిదానం. ఆ రెండింటికీ తీరిక లేనివారు షెడ్డుకు వెళ్ళడమే మేలు.

ముందుగా ఆ ఫిల్టర్ చేసే పనిని అర్థం చేసుకుందాం. పెట్రోలు ఇంజనులో ఇంధనాన్ని మండించడానికి నిప్పురవ్వ కావాలి. డీజిల్ ఇంజనులో ఆ అవసరం లేదు. గాలిని గట్టిగా అదిమితే అది విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మితే దానంతట అదే మండుతుంది. ఆ తుంపరను చిమ్మేది ఇంజెక్టర్. దాని రంధ్రాలు తలవెంట్రుక మందానికి ఒకటి రెండు రెట్లకు మించవు. లోపల కదిలే భాగాల మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతులలో ఉంటుంది.

1997 నుంచి కార్లలోకి వచ్చిన కామన్ రైల్ విధానంలో డీజిల్ 1,600 బార్ వరకు, కొన్నింటిలో అంతకు మించిన ఒత్తిడితో ఇంజెక్టర్లకు చేరుతుంది. మన కారు టైరులోని గాలి ఒత్తిడి సుమారు 2 బార్లు మాత్రమే. అంటే టైరులోని ఒత్తిడికి ఏడు వందల రెట్లకు పైబడిన మాట. అంతటి ఒత్తిడిలో, అంత సన్నని సందులో ఒక ఇసుక రేణువు పడితే అది ఆకురాయిలా అరగదీస్తుంది. దానిని ముందే అడ్డుకునేది ఫిల్టర్.

ఫిల్టర్ మరొక శత్రువును కూడా ఆపుతుంది. అది నీరు. డీజిల్ కంటే నీరు బరువైనది కనుక అడుగుకు చేరుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ చెమ్మగా మారి డీజిల్‌లో కలుస్తుంది. వానాకాలంలో మూత సరిగా లేని డబ్బాలలో నిల్వ చేసిన డీజిల్ పోసినా నీరు చేరుతుంది. అధిక ఒత్తిడి పంపు లోపలి భాగాలకు డీజిలే కందెన. నీటికి ఆ గుణం లేదు, పైగా తుప్పు పట్టిస్తుంది. అందుకే ఫిల్టర్ అడుగున నీరు నిలవడానికి ఒక గిన్నెవంటి భాగం, దానిని వదలడానికి ఒక మర ఉంటాయి. చాలా కార్లలో నీరు ఒక మట్టానికి చేరగానే డ్రైవరు ముందున్న పలకపై దీపం వెలుగుతుంది.

ఆ దీపాన్ని లెక్కచేయని ఒక కుటుంబం మాకు తెలుసు. ఇంటి యజమాని డీజిల్ టాక్సీ నడుపుతాడు. ఇంటికి అదే జీవనాధారం. ఒకనాడు పక్కన కూర్చున్న భార్య "ఏమండీ, ఈ దీపం ఎందుకు వెలుగుతోంది?" అని అడిగింది. "బండి నడుస్తోంది కదా, వచ్చే నెల చూద్దాంలే" అన్నాడాయన. ఆ వచ్చే నెల మూడు నెలలైంది. తెల్లవారుజామున స్టార్ట్ కావడానికి మొరాయించడం, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ పడిపోవడం, యాక్సిలరేటర్ తొక్కితే బండి కుదుపులివ్వడం ఒకదాని తరువాత ఒకటి మొదలయ్యాయి. చివరికి ప్రయాణికులతో నడిరోడ్డుపై ఆగిపోయింది. ఇంజెక్టర్లతోపాటు పంపు కూడా పాడైందని షెడ్డులో తేలింది. కుమార్తె కళాశాల రుసుము కోసం దాచిన సొమ్ము దానికే సరిపోయింది. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళు సంపాదన లేదు. ఫిల్టర్ వెల కొన్ని వందల నుంచి రెండు మూడు వేల రూపాయలు. అడుగున చేరిన నీటిని వదలడానికి పట్టేది పది నిమిషాలు.

ఫిల్టర్‌ను ఎప్పుడు మార్చాలన్నది కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా కార్లకు ఆ గడువు 20,000 నుంచి 40,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. దుమ్ము రోడ్లపై తిరిగే బండికి ఇంకా ముందే మార్చడం మంచిది.

ఇక ఎవరు ఈ పనికి పూనుకోరాదో చెబుతాము. వారంటీ గడువులో ఉన్న బండిని ముట్టుకోకండి. ఫిల్టర్ బండి అడుగుభాగంలో ఉండి, జాకీపై లేపిన కారు కిందికి దూరవలసి వస్తే ఆ సాహసం వద్దు. కొన్ని కొత్త కార్లలో గాలి తీయడానికి పంపును కంప్యూటర్ పరికరంతో నడపవలసి ఉంటుంది. అవీ షెడ్డు పనులే. బానెట్ ఎత్తగానే ఫిల్టర్ కనిపించి, చేతికి అందుతుంటేనే ఇది ఇంటి పని.

సామగ్రిని ముందే సిద్ధం చేసుకోవాలి. కారు మోడల్, తయారైన సంవత్సరం, ఛాసిస్ నంబరు చూపించి నమ్మకమైన దుకాణంలో ఫిల్టర్ కొనండి. నకిలీ సరుకు బజారులో ఉన్నది కనుక మరీ చవకైన దానికి ఆశపడవద్దు. కొత్త ఓ-రింగులు, వాషర్లు దానితోపాటే రావాలి. స్పానర్లు, ప్లయర్, వెడల్పాటి ట్రే, చేతి తొడుగులు, నూగు రాలని శుభ్రమైన గుడ్డ దగ్గర ఉంచుకోండి. షెడ్డులో చేతులు తుడుచుకునే కాటన్ వేస్ట్ ఈ పనికి పనికిరాదు. దాని పోగు ఒక్కటి పైపులోకి పోయినా మన శ్రమ వృథా.

బండిని చదునైన చోట, గాలి వెలుతురు ఉన్న ఆరుబయట నిలపండి. ఇంజను పూర్తిగా చల్లారాలి. తాళం చెవి తీసివేసి, బ్యాటరీ నెగటివ్ తీగను విప్పండి. మన దేశపు ప్రమాణాల ప్రకారం డీజిల్ ఆవిరి అంటుకునే కనీస ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. మన వేసవి పగలు అంతకంటే వేడిగా ఉంటుంది. "డీజిల్ పెట్రోలులా అంటుకోదు" అన్న ధైర్యం మన ఎండలకు చెల్లదు. సిగరెట్టు, అగ్గిపుల్ల ఆ దరిదాపులకు రాకూడదు. చిన్నపిల్లలను దూరంగా ఉంచాలి.

మొదట ఫిల్టర్ చుట్టూ పేరుకున్న దుమ్మును, మట్టిని తుడిచివేయండి. ఎక్కువమంది విడిచిపెట్టే మెట్టు ఇదే. పైపు ఊడదీసిన క్షణంలో ఆ దుమ్మే లోపలికి పోతుంది. తరువాత ఏ పైపు ఎక్కడ ఉందో ఫోనుతో ఫొటో తీసుకోండి. డీజిల్ వచ్చే దారి, పోయే దారి బాణం గుర్తులతో ఉంటాయి. అవి తారుమారు కారాదు. కింద ట్రే పెట్టి, బెల్టులపైన, ఆల్టర్నేటర్‌పైన డీజిల్ పడకుండా గుడ్డ కప్పండి. అడుగు మరను వదులు చేసి లోపలిది ట్రేలోకి వదలండి. నీటి సెన్సర్ తీగను, క్లిప్పులను, పైపులను మెల్లగా విప్పండి. లాగితే ప్లాస్టిక్ కొన విరుగుతుంది. విప్పిన పైపుల నోళ్ళను శుభ్రమైన పాలిథిన్‌తో మూసి ఉంచండి.

కొత్త ఫిల్టర్‌ను బిగించే క్షణం వరకు దాని మూతలు తీయవద్దు. పాత ఫిల్టర్‌కున్న సెన్సర్‌ను కొత్తదానికి మార్చేటప్పుడు కొత్త ఓ-రింగు వేసి, దానికి కాస్త శుభ్రమైన డీజిల్ రాయండి. పాత ఓ-రింగు పైన అంటుకొని ఉండిపోయిందేమో చూసుకోండి. రెండు రింగులు ఒకదానిపై ఒకటి ఉంటే తప్పకుండా కారుతుంది. కొందరు కొత్త ఫిల్టర్‌ను సీసాలోని డీజిల్‌తో నింపి బిగిస్తారు. ఇంజను వైపు పోయే రంధ్రంలో పోసిన డీజిల్ వడపోతకు నోచుకోకుండా నేరుగా పంపుకు చేరుతుంది. కామన్ రైల్ బండ్లకు ఆ పద్ధతిని మేము సమర్థించము.

ఇక మిగిలింది గాలి తీయడం. పైపులలో గాలి నిలిస్తే బండి స్టార్ట్ కాదు. దీనినే మెకానిక్‌లు "ఎయిర్ పట్టింది" అంటారు. చేతి పంపు ఉన్న బండ్లలో అది గట్టిపడేవరకు నొక్కాలి. గాలి తీసే మర ఉంటే దానిని కొంచెం వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ ఒక్కటే వచ్చేదాకా నొక్కి బిగించాలి. ట్యాంకులో విద్యుత్ పంపు ఉన్న బండ్లలో బ్యాటరీ తీగ తిరిగి బిగించి, సెల్ఫ్ కొట్టకుండా తాళాన్ని ఆన్ చేసి కొన్ని క్షణాలు ఆగి ఆఫ్ చేయాలి. ఇలా నాలుగైదు సార్లు చేయాలి. ఆ తరువాతనే సెల్ఫ్. ఒక్కసారికి పది సెకన్లకు మించవద్దు, మధ్యలో అర నిమిషమైనా ఆగండి. డీజిల్ అందని పంపును ఆపకుండా తిప్పడమంటే కందెన లేకుండా తిప్పడమే.

ఇంత చేసినా స్టార్ట్ కాకపోతే కొందరు ఇంజెక్టర్లకు పోయే సన్నని ఇనుప పైపుల నట్లు వదులు చేస్తారు. పాతకాలపు బండ్లలో అది మామూలు. కామన్ రైల్ బండిలో అది ప్రాణాపాయం. ఆ ఒత్తిడితో వచ్చే డీజిల్ ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట తెలియకపోవచ్చు. లోపల కండరం చచ్చిపోతుంది. ఆలస్యమైతే వేలినో చేతినో తీసివేయవలసి వస్తుంది. అటువంటి గాయమైతే కట్టు కట్టి ఊరుకోక, వెంటనే శస్త్రచికిత్స సౌకర్యమున్న ఆసుపత్రికి వెళ్ళాలి. డీజిల్ ధార తగిలిందని వైద్యునికి స్పష్టంగా చెప్పాలి. ఎక్కడ కారుతోందో చేతితో తడిమి చూడడం కూడా ఇందుకే కూడదు. ఇంజను ఆపి, కళ్ళతో వెదకండి. గాలి తీయడం మీ చేతిలో కాని పని అనిపిస్తే మెకానిక్‌ను పిలవడంలో చిన్నతనం లేదు.

బండి స్టార్ట్ అయిన తరువాత ఐదు నిమిషాలు నిదానంగా నడవనివ్వండి. ఆపి, అతుకుల వద్ద తడి ఉన్నదేమో చూడండి. ఒక పది కిలోమీటర్లు తిరిగి వచ్చి మరల చూడండి. ట్రేలో పడిన డీజిల్‌ను ట్యాంకులో తిరిగి పోయవద్దు. మురుగు కాలువలోను, చెట్టు మొదటిలోను అసలే పోయకండి. ఆ నేల, ఆ నీరు మన ఇరుగుపొరుగు వారివి కూడా. దానిని మూత ఉన్న డబ్బాలో పోసి, పాత ఫిల్టర్‌తోపాటు, వాడిన నూనెను సేకరించే షెడ్డుకు అప్పగించండి.

ఫిల్టర్ మార్చిన తేదీని, కిలోమీటర్లను ఒక చిన్న పుస్తకంలో రాసి బండిలోనే ఉంచండి. కుమారులకే కాదు, కుమార్తెలకు, బండిలో ప్రయాణించే ఇల్లాలికి కూడా ఆ నీటి దీపం గుర్తును చూపించండి. పైన చెప్పిన కుటుంబంలో దీపాన్ని ముందుగా గమనించింది ఇల్లాలే. ఆమె మాటకు విలువ ఇచ్చి ఉంటే ఆ ఇంటి కథ వేరుగా ఉండేది.

షెడ్డులోనే మార్పించుకునేవారు పాత ఫిల్టర్‌ను తమకు చూపించమని మర్యాదగా అడగండి. నిజాయితీగా పని చేసినవానికి అది చూపించడంలో అభ్యంతరం ఉండదు, మీకూ అనుమానం మిగలదు. ఎవరి చేత మార్పించినా సరే, గడువు దాటనివ్వకండి. కుటుంబాన్ని ఎక్కించుకొని బయలుదేరే ప్రతి ప్రయాణమూ ఆ చిన్న డబ్బాపై కూడా ఆధారపడి ఉన్నదని గుర్తుంచుకోండి.