మనశ్శాస్త్ర పట్టము: మనము కోరవలసినదేమి?

2025 జులై 25వ తేదీన భారత సర్వోన్నత న్యాయస్థానమువా రొక ముఖ్యమైన తీర్పు నొసంగిరి. విశాఖపట్టణమున వైద్యవిద్యా ప్రవేశపరీక్షకై చదువుచు 2023లో మరణించిన పదునేడేండ్ల బాలిక తండ్రి తెచ్చిన వ్యాజ్యమది. నూఱుగురుగాని, అంతకు మించిగాని విద్యార్థులుగల ప్రతి విద్యాసంస్థయు, బాలబాలికల మానసికారోగ్యమున శిక్షణ పొందిన సలహాదారునో, మనశ్శాస్త్రజ్ఞునో, సాంఘిక సేవకునో ఒక్కరినైనను నియమించుకొనవలెనని యందాజ్ఞాపించిరి. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములలో నీ లెక్కకు రాని కళాశాల లెన్ని యుండును? ఆజ్ఞ వచ్చినది, అర్హులెచ్చటినుండి రావలెను? మనశ్శాస్త్రమున బి.ఏ. పట్టమునకు మనమేమి నేర్పుచున్నామను దానిపైననే యీ ప్రశ్నకు సమాధాన మాధారపడియున్నది.

ఈ పట్టమునుగూర్చి మన గృహస్థులలో రెండు దురభిప్రాయములు గలవు. ఇంజనీరింగునందును, వైద్యమునందును సీటు దొరకనివారు కాలక్షేపమునకై చదువు సులభవిద్య యిదియని కొందఱి తలంపు. మూడేండ్లు చదివినంతనే మనోరోగములను కుదుర్పవచ్చునని మఱికొందఱి భ్రమ. మొదటిది విద్యకు హాని. రెండవది ప్రాణములకే హాని.

ఇది సులభవిద్య కాదు. 1879లో లైప్‌జిగ్ నగరమున వూంట్ పండితుడు ప్రయోగశాల నెలకొల్పినప్పటినుండి మనశ్శాస్త్రము ఊహలతో తృప్తిపడక కొలతలను చేపట్టినది. మన దేశమున కలకత్తా విశ్వవిద్యాలయమునందు 1916లోను, మైసూరునందు 1924లోను దీనికి ప్రత్యేకశాఖ లేర్పడెను. జ్ఞాపకము, అభ్యసనము, మనోవికాసము, సంఘప్రవర్తనము, మనోవికారములు అను విషయములను పుస్తకమున చదివిన చాలదు. మెదడు నాడీమండలముల నిర్మాణము తెలియవలెను. సంఖ్యాశాస్త్రము రావలెను. ప్రయోగశాలలో స్వహస్తముతో పరీక్షలు చేయవలెను. ఈ మూడును తప్పించుకొన్న పట్టము పేరునకే పట్టము.

ఒక యుదాహరణము. ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు అర్థములేని యక్షరములను తానే వల్లించి, తన మఱపును తానే కొలిచి, 1885లో ఫలితములను ప్రకటించెను. నేర్చినదానిలో హెచ్చుభాగము తొలిగంటలలోనే మఱపునకు వచ్చుననియు, ఒక్కబిగిని వల్లించుటకంటె కొన్ని దినములకు పంచి వల్లించుట మేలనియు నాతడు కనుగొనెను. ఈ పరీక్షను స్వయముగా చేసిచూచిన పట్టభద్రుడు, అర్ధరాత్రమువఱకు బాలురచే బట్టీయము పట్టించు వసతిగృహమునందు మౌనము వహింపజాలడు. అదియే యీ విద్యకు ఫలము.

అయినను అతడు వైద్యుడు కాడు. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము, చికిత్సా మనశ్శాస్త్రజ్ఞుడనిపించుకొనుటకు భారత పునరావాస మండలి గుర్తించిన ప్రత్యేక యోగ్యతనుగాని, ఎం.ఏ. వంటి పై పట్టముతోపాటు రెండేండ్ల శిక్షణతో కూడిన ఎం.ఫిల్. పట్టమునుగాని విధించినది. బి.ఏ. పట్టము దానికి తొలిమెట్టు మాత్రమే. 1945 నుండి బాపట్లలో వ్యవసాయ కళాశాల యుండుటచేత మన రైతులకొక సంగతి తెలిసినది: మన్ను పరీక్షింపక మందు చెప్పువానిని నమ్మరాదు. పైరు విషయమున మనము పాటించు జాగ్రత్త బిడ్డల విషయమున పాటింపవలదా? కష్టమును గుర్తించుట, ఓర్పుతో వినుట, తన శక్తికి మించినదానిని సకాలమున వైద్యునికడకు పంపుట: పట్టభద్రునకు నేర్పవలసిన ధర్మములివి.

మఱియొక ముఖ్యవిషయము స్వభాష. బుద్ధిని కొలుచుటకు బినే 1905లో పారిసు బాలురకై పరీక్ష కల్పించెను. టెర్మన్ 1916లో దానిని అమెరికా బాలురకు సరిపఱచెను. మన దేశమున కామత్ పండితుడు దానిని మరాఠీ కన్నడములకు మార్చెను. పరుల కొలతను స్వదేశమునకు సరిచూచుకొనకుండ వాడుట పరుల పడికట్టుతో మన ధాన్యమును తూచుట వంటిది. మనస్సు చెదరినదనియు, గుండె బరువెక్కినదనియు, దిగులు పట్టినదనియు మన స్త్రీపురుషులు చెప్పుకొందురు. ఈ మాటల భేదము లెఱుగనివాడు ఎన్ని యాంగ్లగ్రంథములు చదివినను వారి బాధ నెఱుగడు. 1977 నవంబరు 19వ తేదీ యుప్పెనలో అయినవారిని పోగొట్టుకొన్నవారు రేపల్లె తీరమునను గలరు. వారి దుఃఖ మింగ్లీషున లేదు. తెనాలితో సంబంధముగల గోపీచంద్ 1947లోనే అసమర్థుని జీవయాత్రయందు ఒక మనస్సు కుంగిపోవు తీరును తెలుగున చిత్రించినాడు. భాష కా శక్తి లేదనుట వట్టిమాట.

కావున మన కోరికలు స్పష్టములు. మనశ్శాస్త్రమును బోధించు ప్రతి కళాశాలయందును ప్రయోగశాలయు, తెలుగు పాఠ్యగ్రంథములును, తెలుగు బాలురపై సరిచూచిన పరీక్షలును ఉండవలెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన బాపట్ల ప్రత్యేక జిల్లాయై, రేపల్లె యందు చేరెను. తెనాలి గుంటూరుజిల్లాలోనే నిలిచెను. కాని జిల్లాలు వేఱైనంతమాత్రమున బిడ్డల కష్టములు వేఱు కావు. రేపల్లె శాఖామార్గమును, బాపట్లకు పోవు ప్రధానమార్గమును తెనాలియందే కలియుచున్నవి. ప్రతిచోటను అరకొరగా మూడు ప్రయోగశాలలు పెట్టుటకంటె, తెనాలియందొక మంచి ప్రయోగశాలను మూడు పట్టణములవారును కలిసి నిలుపుట మేలు. 1976లో స్థాపితమైన నాగార్జున విశ్వవిద్యాలయమువారు దీనికి మార్గదర్శకులు కావలెను. సత్రములకును దేవాలయములకును భూము లిచ్చిన వంశములు మన ప్రాంతమున కొఱవడలేదు. ఈ కార్యమునకును వారు ముందునకు రావలెను.

న్యాయస్థానము ఆజ్ఞాపింపగలదు, మనుష్యులను తయారుచేయజాలదు. తీర్పును నెఱవేర్చితిమని చూపుటకు ఏదో యొక పట్టముగలవానిని కుర్చీలో కూర్చుండబెట్టినచో ఆ కుర్చీయెదుటకు కన్నీటితో వచ్చు బిడ్డకు మనము చేసినది మోసమే యగును. తలిదండ్రులారా! తమ బిడ్డను చేర్చుకొను కళాశాలవారిని ఫలితముల నడిగినట్లే, సలహాదారుడెవరు, అతని చదువేమి యనియు నడుగుడు. అడుగువారుండిననే నేర్పువారుందురు.