వెలుగు లెక్క తెలుగులో కుదరదా?

"సార్, తెలుగులో చదివితే మావాడు రేపు ఇంజనీరింగులో ఎట్లా నెగ్గుకొస్తాడు?" అడ్మిషన్ల వేళ హోసూరు చుట్టుపక్కల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇదే. నా జవాబు మా పదో తరగతిలో దొరికింది.

సంపూర్ణాంతర పరావర్తనం పాఠంలో, ఆప్టికల్ ఫైబర్ గోడలకు తగులుతూ కాంతి ముందుకు పోతున్నట్టు బొమ్మ గీస్తాం. కానీ దూరాలకు వాడే ఫైబర్‌లో కాంతి నడిచే నడిమి గాజు మందం సుమారు 9 మైక్రోమీటర్లే. అందులో పోయే పరారుణ కాంతి తరంగదైర్ఘ్యం 1.55 మైక్రోమీటర్లు. అంత సన్నని దారిలో కిరణం బొమ్మ చాలదు, తరంగంగానే లెక్క కట్టాలి. తిన్నగా ఉన్న గుండ్రని ఫైబర్‌కైతే సూత్రంతో జవాబు వస్తుంది. దారి వంగినా, రెండుగా చీలినా చాలావరకు రాదు. అప్పుడు దారినంతా గళ్లుగా విడగొట్టి కంప్యూటర్‌కు అప్పగిస్తారు. 1966లో కేన్ యీ చూపిన పద్ధతిలో విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను గడిగడికీ, క్షణక్షణానికీ లెక్కిస్తారు.

గాజులో ఆ తరంగదైర్ఘ్యం సుమారు 1 మైక్రోమీటరు. గడి అందులో పదోవంతు అనుకుంటే, సెంటీమీటరు పొడవు, 10 మైక్రోమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న దారికి ఎన్ని గళ్లని అడిగాను. పొడవున లక్ష, అడ్డంగా వంద, నిలువునా వంద. "నూరు కోట్లు సార్!" అంది వెనక బెంచీ పాప. కాసేపాగి, "అన్నీ ఒకేసారి ఎందుకు సార్? ఒక పొర అయినాక ఇంకో పొర చెయ్యకూడదా?" అంది.

ఇంజనీర్ల బీమ్ ప్రాపగేషన్ పద్ధతికి మూలం ఆ ఆలోచనే. 1978లో ఫైట్, ఫ్లెక్ అనే శాస్త్రవేత్తలు దాన్ని ఫైబర్లకు వాడారు. కాంతి పెద్దగా వెనక్కి తిరిగిరాని దారుల్లో అది ఎంతో లెక్కను ఆదా చేస్తుంది.

రాని భాషలో పాఠం చెప్పి ఉంటే ఆ పాప నోరు విప్పేదా? నాకు నమ్మకం లేదు.

పై చదువుల్లో పదాలు ఇంగ్లీషులోనే ఉంటాయి, కాదనను. అందుకే బోర్డు మీద 'వక్రీభవన గుణకం' పక్కన 'రిఫ్రాక్టివ్ ఇండెక్స్' అనీ రాస్తాను. ఆ పని మనం చెయ్యకపోతే తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. ఇంట్లో తెలుగు, బయట తమిళం, కన్నడం మాట్లాడే మన పిల్లలకు ఇంకో పేరు నేర్చుకోవడం బరువు కాదు. అర్థం కాని పాఠమే బరువు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఈ రాత్రి మార్కులు అడగకండి. ఇవాళ నేర్చుకున్నది మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. చెప్పగలిగితే, ఇంజనీరింగుకు కావలసిన పునాది పడుతున్నట్టే.