నోరు విప్పనక్కర్లేని పరీక్ష

నీట్ ఫలితాలు వస్తే చాలు, చైనాలో మెడిసిన్ అంటూ కన్సల్టెన్సీల ప్రకటనలు మొదలవుతాయి. ఫీజెంత, హాస్టల్లో మన భోజనం దొరుకుతుందా, పాఠాలు ఇంగ్లీషులోనేనా అన్నవన్నీ వివరంగా చెబుతారు. చైనీస్ సంగతి వచ్చేసరికి మాత్రం హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ భాషా పరీక్ష నాలుగో లెవల్ అక్కడికెళ్లాక చేసుకోవచ్చులే అని తేల్చేస్తారు. నా చిరాకంతా ఈ ‘చేసుకోవచ్చులే’ మీదే. 2010లో మొదలైన పద్ధతిలో నాలుగో లెవల్ అంటే 1,200 మాటలు, 100 ప్రశ్నలు. వినాలి, చదవాలి, రాయాలి. 300కి 180 వస్తే గట్టెక్కినట్టే. నోరు తెరవాల్సిన పనే లేదు. ఇంగ్లీషులో డిగ్రీ చదివే విదేశీ విద్యార్థి పట్టా చేతికొచ్చే నాటికి నాలుగో స్థాయి చైనీస్ సంపాదించాలని చైనా విద్యాశాఖ 2018లో నిబంధన పెట్టింది. విదేశంలో చదివినవారు 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా ఆ చదివిన సంస్థలోనే చేయాలని 2021 నవంబరులో మన జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. రెండూ కలిపి చూస్తే, ఒక్క ముక్క మాట్లాడించకుండా పాస్ చేసిన కుర్రాణ్ని ఏడాది పాటు చైనా రోగి మంచం పక్కన నిలబెడుతున్నాం. ఆ రోగికి ఇంగ్లీషు రాదు.

మాట్లాడే పరీక్ష వేరే ఉంది కదా అంటారు. ఉంది. పేరు హెచ్‌ఎస్‌కేకే. కొన్నిచోట్ల దాన్ని రాత పరీక్షతో జతచేస్తున్న మాటా నిజమే. కానీ మధ్యస్థాయిలో ఏం అడుగుతారో చూడండి: పది వాక్యాలు విని తిరిగి చెప్పాలి, రెండు బొమ్మలను వర్ణించాలి, రెండు ప్రశ్నలకు జవాబివ్వాలి. ఇదంతా రికార్డింగ్ యంత్రంతోనే. ఎదుట మనిషి ఉండడు, ‘అర్థం కాలేదు, మళ్లీ చెప్పు’ అనడు, మధ్యలో అడ్డు తగలడు. చైనీస్‌లో కొనడానికీ అమ్మడానికీ తేడా స్వరం ఒక్కటే. స్వరం తప్పినప్పుడు ఎదుటివాడి ముఖం చూసి సర్దుకుని మరోలా చెప్పగలగడమే అసలు నైపుణ్యం. యంత్రానికి ముఖమెక్కడిది? మన పిల్లలకు నోరు తిరగదన్న వాదన నేనొప్పుకోను. చాపలోని చకారం, చీరలోని చకారం వేరువేరుగా పలికే నాలుకకు చైనీస్ హల్లులు అంత కొరుకుడు పడనివేమీ కావు. స్వరాలకే సాధన కావాలి, ఆ సాధన పరీక్షలో ఉంటేనే జరుగుతుంది. 2021లో ప్రకటించిన కొత్త ప్రమాణం తొమ్మిది స్థాయులు పెట్టి, ఏడు నుంచి తొమ్మిది వరకు పరీక్షలో మాటను చేర్చింది. అంత ఎత్తుకు ఎక్కినవాడికి మాట వచ్చే ఉంటుంది. అడగాల్సింది కింది మెట్ల మీద ఉన్నవాణ్ని.

మనిషి ఎదురుగా కూర్చుని మార్కులేస్తే పక్షపాతం వస్తుందనీ, ఖర్చనీ అభ్యంతరం చెబుతారు. అమెరికా విదేశాంగ శాఖ 1950లలోనే ముఖాముఖి పద్ధతిని రూపొందించుకుంది. దాని సంతతే ఈనాటి ఓపీఐ అనే మౌఖిక పరీక్ష. శిక్షణ పొందిన పరీక్షకుడు, 15 నుంచి 30 నిమిషాల సంభాషణ, దాని రికార్డు విని మరొకరు విడిగా ఇచ్చే తీర్పు. పక్షపాతానికి మందు ఇదే. ఇక ఖర్చంటారా, లక్షల ఫీజు కట్టించుకునే చదువులో అరగంట సంభాషణకు డబ్బు లేదంటే ఎవరు నమ్ముతారు? 2015 నుంచి 2021 వరకు చైనాలో చదివి మన స్క్రీనింగ్ పరీక్ష రాసిన 40,417 మందిలో నెగ్గినవారు 6,387 మందేనని 2022లో బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయమే చెప్పింది. దానికి వంద కారణాలుండొచ్చు. రోగితో మాట్లాడలేకపోవడం అందులో చిన్నది కాదంటాను.

ఫౌజీ కుటుంబాలు ఎక్కువగా ఉండే సికింద్రాబాద్ దగ్గరి మా యాప్రాల్‌లో ఈ మాట ఇంకా సులువుగా అర్థమవుతుంది. 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబును పోగొట్టుకున్నాం. ఆ తర్వాత సరిహద్దులోని చుషూల్, మోల్డోల్లో రెండు సైన్యాల మధ్య గంటల తరబడి చర్చలు సాగాయి. అలాంటి బల్ల దగ్గర దుబాసీకి కావాల్సింది మాట, సర్టిఫికెట్ కాదు. 2023లో సైన్యం తేజ్‌పూర్ విశ్వవిద్యాలయంతో చైనీస్ శిక్షణకు ఒప్పందం చేసుకుంది. మంచి పని. అయితే ఆ శిక్షణ చివర మాటను ఎలా కొలుస్తారన్నదే అసలు ప్రశ్న.

చైనా వాళ్లను అంటున్నాం గానీ, మన నిర్వాకం ఇంతకన్నా ఘనమా? ఇంటర్‌లో సంస్కృతం తీసుకుని, జవాబులు తెలుగు లిపిలోనో ఇంగ్లీషులోనో గిలికి, నూటికి తొంభై పైన కొట్టేసే విద్య మనదే. సంస్కృతంలో ఒక్క వాక్యం మాట్లాడమంటే తలుపులేసుకుంటారు. 2018 చట్టంతో తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి చేశాం. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ పిల్లల కోసం ‘వెన్నెల’ అనే సులభ వాచకం 2025లో తెచ్చాం. వాచకం సులభం చేయడం మంచిదే. కానీ యాప్రాల్‌లో పెరుగుతున్న పంజాబీ పిల్ల, గఢ్వాలీ పిల్లాడు పదో తరగతి తెలుగు పాసై కూడా కూరగాయల బండి దగ్గర హిందీలోనే బేరమాడితే ఆ మార్కులకు అర్థమేమిటి? 2023-24లో ఇంటర్ బోర్డు ఇంగ్లీషుకు 20 మార్కుల ప్రాక్టికల్ పెట్టి నోటికి విలువ ఉందని ఒప్పుకుంది. అలాంటి 20 మార్కులు ‘వెన్నెల’ చదివే పిల్లల తెలుగు మాటకూ కేటాయించాలని విద్యాశాఖను కోరుతున్నాను.