మాక్బెత్ దోషము

షేక్స్పియరు రచించిన మాక్బెత్ నాటకమును చదివినవారిలో బెక్కండ్రు, ఆ వీరుని పతనమునకు మంత్రగత్తెలును భార్యయు కారణమని చెప్పుదురు. ఇది నాకు సమ్మతము కాదు. (చరిత్రలోని మాక్బెత్ 1040లో డంకను రాజును యుద్ధమున జంపి 17 ఏండ్లు స్కాట్లండు నేలినాడు, అతనితో మనకిచట పనిలేదు.)

మంత్రగత్తెలు పలికినదేమి? నీవు రాజువగుదువనిరి. డంకనును జంపుమని యొక్క మాటయైన ననలేదు. ప్రక్కన నిలిచి వినిన బాంకోకును, నీ సంతతివారు రాజులగుదురని చెప్పిరి. అతనికిని ఆశ కలుగకపోలేదు. కాని కత్తి దూయలేదు. షేక్స్పియరున కాధారమైన హోలిన్షెడ్ గ్రంథములో బాంకోయు నీ ద్రోహమున భాగస్వామియే. 1603లో ఇంగ్లండు సింహాసన మెక్కిన జేమ్సు రాజు బాంకో వంశజుడని ప్రతీతి యుండుటచే కవి యిట్లు మార్చెనని విమర్శకు లందురు. రాజభక్తి మాట యెట్లున్నను నాటకమునకు మేలే కలిగినది. ఒకే చోట నట్టి మాటలు వినిన యిద్దరిలో నొక్కడే హంతకుడయ్యెను.

ఇక భార్య పురికొల్పినమాట నిజము. కాని యామెను గలసికొనకమున్నే హత్య తలపు మాక్బెత్ మనసున మెదలెను. ఆ రాత్రి విందు విడిచి వచ్చి, ఒంటరిగా నతడు విచారించుకొనెను: డంకను తనకు బంధువు, ప్రభువు, తన యింటి యతిథి, సౌమ్యుడు. తన్ను ముందునకు ద్రోయుటకు దురాశ దక్క వేఱు కారణము లేదని తానే యొప్పుకొనెను. ఈ పని వలదని భార్యతో ననెను గూడ. పిఱికివాడవని యామె యెత్తిపొడువగనే లోబడెను. ఇంత యెఱిగి చేసినవానిని మోసపోయినవాడనుట యెట్లు? గాలిలో కత్తి యతనికి గనబడినది చంపిన పిమ్మట గాదు, చంపకమునుపే.

ఆమెయు మనమనుకొనునంత కఠినురాలు కాదు. నిద్రించుచున్న ముసలిరాజు తన తండ్రిని బోలియుండుటచే తానే పొడువలేకపోయెను. కొంచెము నీటితో నెత్తురు పోవునని మగనికి ధైర్యము చెప్పిన యామెయే, అయిదవ యంకమున నిద్రలో నడచుచు, లేని మరకను చేతులనుండి తుడుచుకొనుచుండును.

మాక్బెత్ గతి దీనికి విపర్యయము. తొలిరాత్రి 'ఆమెన్' అను మాట గొంతున దగుల్కొని పలుకలేకపోయినవాడు, మాక్డఫ్ ఆలుబిడ్డలను జంపించునాటికి తడబడనైనలేదు. తుదకు కోటలో స్త్రీల యార్తనాదము వినబడినపుడు, భయమన నెట్లుండునో దాదాపుగా మఱచితినని యనుకొనును. ఆ యేడ్పు అతని భార్యకొఱకే.