ఫోన్‌కి ఓవర్‌క్లాకింగ్ చేస్తారా? ముందు ఈ లెక్క చూడండి!

‘‘అన్నా, ఓవర్‌క్లాక్ చేస్తే ఫోన్ రాకెట్‌లా పరిగెడుతుందంట! చేసెయ్యనా?’’

పోయిన ఆదివారం మా బాబాయి కొడుకు ఫోన్. ఇంజినీరింగ్ సెకండియర్, హాస్టల్లో ఉంటాడు. గేమ్ మధ్యలో ఫోన్ నత్తనడక నడుస్తోందని వాడి బాధ. ‘‘ఆగరా బాబూ’’ అన్నాను. ఎందుకో మీకూ చెబుతా.

ప్రాసెసర్ ఎంత వేగంగా పనిచేయాలో కంపెనీ ఒక హద్దు పెడుతుంది. దాన్ని మనం దాటించడమే ఓవర్‌క్లాకింగ్. మరి ఎంత లాభం? స్నాప్‌డ్రాగన్ 865లో ప్రధాన కోర్ వేగం 2.84 గిగాహెర్ట్జ్. 2020లోనే వచ్చిన 865 ప్లస్‌లో 3.1. చిప్ తయారుచేసిన కంపెనీయే పెంచినా, పెరిగింది తొమ్మిది శాతం చిల్లర!

నష్టం లెక్క వేరు. వేగం పెంచితే చాలాసార్లు వోల్టేజ్ కూడా పెంచాలి. వేగం 10 శాతం, వోల్టేజ్ 5 శాతం పెంచారనుకోండి. చిప్ తాగే పవర్ దాదాపు 21 శాతం పెరుగుతుంది. అదంతా వేడే. చాలా ఫోన్లలో కంప్యూటర్‌లా ఫ్యాను ఉండదుగా! వేడి ఎక్కువైతే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. అంటే పెంచిన స్పీడ్ కాసేపట్లోనే ఆవిరి. బ్యాటరీ ఆయుష్షు తగ్గడం మాత్రం శాశ్వతం.

అసలు తంటా ఇంకోటి ఉంది. ఆండ్రాయిడ్‌లో దీనికి బూట్‌లోడర్ అన్‌లాక్ చేయాలి. అప్పుడు ఫోటోలతో సహా ఫోన్లో ఉన్నదంతా చెరిగిపోతుంది. తర్వాత రూట్ చేసి, మీ మోడల్‌కే సరిపోయే కస్టమ్ కెర్నల్ వేయాలి. తప్పుది వేస్తే ఫోన్ లోగో దగ్గరే తిరుగుతూ ఉండిపోవచ్చు. వారంటీ పోవచ్చు. రూట్ చేసిన ఫోన్లో చాలా బ్యాంకు, యూపీఐ యాప్‌లు మొరాయిస్తాయి.

‘‘నీకున్నది ఒక్క ఫోనే కదరా. టిఫిన్ బిల్లు, బస్ టికెట్, పిన్ని పంపే డబ్బులు అన్నీ అందులోనేగా?’’ అన్నాను. అటునుంచి మాట లేదు.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? గేమ్‌లో గ్రాఫిక్స్ ఒక మెట్టు తగ్గించండి. ఆడేటప్పుడు పౌచ్ తీసేయండి. ఛార్జింగ్ పెట్టి ఆడకండి. స్టోరేజ్ కాస్త ఖాళీ చేయండి.

నేర్చుకోవాలనే సరదా ఉంటే తప్పేం లేదు. బీరువాలో మూలపడ్డ పాత ఫోన్ తీయండి. దాని ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో దాచుకోండి. వేగం ఒక్కో మెట్టే పెంచండి, వోల్టేజ్ జోలికి వెళ్లొద్దు. ‘సెట్ ఆన్ బూట్’ ఆప్షన్ ఆన్ చేయకండి. అప్పుడు హ్యాంగ్ అయినా, రీస్టార్ట్ చేస్తే సాధారణంగా పాత వేగమే వస్తుంది.

మావాడు ఇప్పుడు బాబాయి పాత ఫోన్‌తో కుస్తీ పడుతున్నాడు. మూడుసార్లు హ్యాంగ్ అయిందట. అయినా ఫుల్ ఖుషీ! టిఫిన్ డబ్బులు సేఫ్‌గానే ఉన్నాయి మరి.